పాడుపెట్టిన ఇల్లు

ఏప్రిల్ 3

దయాల్‌బంద్‌లో మా అద్దె ఇంటి మేడ మీద ఈ రోజు ఒక బకెట్టు కనబడింది. సున్నం బకెట్టు. మాది కాదు. మావి రెండూ నీలం రంగువి, లోపల బాత్రూంలో ఉన్నాయి. ఇది తెల్లది, అంచు విరిగింది.

తమ్ముడు శివాజీతో చెప్పాను. “ఏ రోజు ఏటి కనబడితే ఆ రోజే రాసి పెట్టుకో అప్పా. రేపు కోర్టుకెళ్తే తారీకులే అడుగుతారు. మొదట్నుంచి రాయి” అన్నాడు. నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడేమో గాని నాకు అది మంచి మాటే అనిపించింది. ఐదో క్లాసు వరకే చదివినా తెలుగు రాయడం మర్చిపోలేదు.

మొదట్నుంచి అంటే ఇది. నవంబరు పదో తారీకున మా శ్వేత పోయింది. ఇరవై ఆరేళ్లు. ఆ ఇంట్లోనే, దాని గదిలోనే. పంతులుగారు చూసి ధనిష్ఠ నక్షత్రం అన్నారు. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి, మనిషి మసలకూడదు, దీపం పెట్టకూడదు అన్నారు. పెద్దకర్మ అయిన రోజే తలుపు వేసి, గుమ్మానికి అడ్డంగా రేగుకంప కట్టి, చేతికందిన బట్టలతో శివాజీ రైల్వే క్వార్టర్‌కి వచ్చేశాం, నేనూ ఆయనా. సామానంతా అక్కడే ఉంది. తాళంచెవి నేనే ఇంటి ఓనరు సాహూజీ భార్య చేతిలో పెట్టాను, పైన పైపు ఎప్పుడైనా లీకైతే తీయాలి కదా అని. ఆరు నెలలు చూస్తుండండి, మే పదికి వచ్చేస్తాం అని చెప్పాను. హిందీలోనే చెప్పాను.

అద్దె ఆపలేదు. ఆయన ప్రతి నెలా ఒకటో తారీకున వెళ్లి ఇచ్చి వస్తున్నారు. మొన్నా వెళ్లారు.

మరి సున్నం బకెట్టు ఎందుకు?

ఏప్రిల్ 6

మళ్లీ వెళ్లాను. ఆరు నెలలు నిండలేదు కాబట్టి మెట్లెక్కను. ఎదురుగా ఇస్త్రీ బండి పక్కన నిలబడి చూశాను. బకెట్టు అక్కడే ఉంది. దాని మీద బ్రష్షు కూడా ఉంది.

సాహూజీ బయటికి వచ్చాడు. “బహన్‌జీ, ఎండలో ఎందుకు నిలబడ్డారు, లోపలికి రండి, నీళ్లు తాగండి” అన్నాడు.

ఏడేళ్లు ఆ మేడ మీద ఉన్నాం. ఏనాడూ నీళ్లు తాగమనలేదు.

“ఆ బకెట్టు ఎవరిది?” అన్నాను.

“ఏ బకెట్టు? అచ్ఛా, అదా. సున్నం వేసేవాడిది. కింద వరండాకి వేయించాను.”

“కింద వరండాకి వేసేవాడు పైన ఎందుకు పెట్టుకున్నాడు?”

ఆయన భార్య గుమ్మంలోంచి అందుకుంది. “ముందు మీ ముళ్లు తీసేయండి దీదీ. వీధిలో అందరూ టోనా చేశారంటున్నారు. మా కోడలు కడుపుతో ఉంది, దాన్ని ఆ మెట్ల వైపు చూడనివ్వడం లేదు నేను.”

“చేతబడి కాదమ్మా, అది మా నక్షత్రం.”

“మీ నక్షత్రం మీ దగ్గర ఉంచుకోండి. మా మెట్ల మీద ఎందుకు?”

ఇస్త్రీవాడు నవ్వాడు. వాడు కూడా వాళ్ల మనిషే.

మే పదికి వచ్చేస్తున్నాం అని గట్టిగా చెప్పాను. సాహూజీ భార్య వైపు చూశాడు, ఆవిడ ఆయన వైపు చూసింది. “భాయిసాబ్‌తో ఒకసారి మాట్లాడుకోండి బహన్‌జీ” అన్నాడు. ఆడదానితో మాటేమిటని తీసిపారేశాడన్న మాట. రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 7

మా ఆయనతో చెప్పాను. ఊఁ అన్నారు.

ఏప్రిల్ 14

ఉషారాణి ఫోన్లో మాట్లాడుతూ నన్ను చూసి గొంతు తగ్గించింది. ఉషారాణి నా తమ్ముడి భార్య. వాళ్ల క్వార్టర్‌లో ఉంటూ ఇలా రాయకూడదు గాని, ఆ పిల్ల ఈ మధ్య అస్తమానూ వేరే ఇళ్ల కబుర్లు చెప్తోంది.

“ఆ ఇల్లే కావాలా వదినా? బిలాస్‌పూర్‌లో ఇళ్లే లేవేటి?” అంది పొద్దున్న.

“నీకు ఇరుకుగా ఉంటే చెప్పు.”

“ఇరుకేటి వదినా. ఇటు మీ తమ్ముడి గురక, అటు అన్నయ్యగారి దగ్గు. పాసింజరు బండిలో పడుకున్నట్టు ఉన్నాది, అంతే.” నవ్వింది. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేసి నాకు టీ పెట్టి ఇచ్చింది.

టీ ఎందుకు పెట్టింది అని ఆలోచిస్తున్నాను.

ఏప్రిల్ 19

ఈ రోజు ఎవడో మేడ మీద నిలబడి టేపుతో కిటికీ కొలుస్తున్నాడు. శ్వేత గది కిటికీ. బయట నుంచే కొలిచాడు. పదకొండున్నర అయింది అప్పటికి.

ఏప్రిల్ 22

వచ్చేటప్పుడు తెచ్చుకున్న బట్టల పెట్టె అడుగున అగ్రిమెంటు దొరికింది. స్టాంపు కాగితం, హిందీలో ఉంది. పదకొండు నెలలకి ఒకసారి రాయిస్తారు. శ్వేతే చూసేది ఇవన్నీ. వ్యాపార్ విహార్‌లో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసేది కదా, కాగితాలంటే దానికి భయం లేదు. అది వేలు పెట్టిన చోట నేను సంతకం పెట్టేదాన్ని. ఏముంది ఇందులో అని ఒక్కసారీ అడగలేదు.

“దీని గడువు ఎప్పటికి?” అని ఆయన్ని అడిగాను.

“ఫిబ్రవరితో అయిపోయింది” అన్నారు.

“మరి కొత్తది రాయించలేదా?”

“చూద్దాం.”

“గడువు అయిపోతే వాడు మనల్ని పొమ్మనచ్చా?”

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయారు. లోకో షెడ్‌లో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసిన మనిషి. ఎప్పుడూ మాటలు తక్కువే. శ్వేత పోయాక ఇంకా తగ్గాయి. దానికి నేనేమీ అనుకోవడం లేదు.

మే 1

అద్దె ఇచ్చి వచ్చారు. రసీదు అడిగాను. సాహూజీ ఇవ్వడన్నారు. రసీదు ఇవ్వనివాడు ఎంతకైనా తెగిస్తాడు.

మే 9

రేపే. పాలు చెప్పాను. పసుపు, మామిడాకులు, నవధాన్యాలు తెచ్చాను. ఇల్లు శుద్ధి చేయడానికి పంతులుగారు తొమ్మిదికి వస్తానన్నారు. మా ఆయన మోకాలు పట్టేసిందంటున్నారు.

మే 10

తాళం మార్చేశారు.

మే 11

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

మోకాలని ఆయన రాలేదు. నేనూ ఉషారాణీ పంతులుగారూ వెళ్లాం. కంప ఉన్నట్టే ఉంది. దాని వెనక తలుపుకి మా చిన్న తాళం లేదు, గుప్పెడంత కొత్త తాళం వేలాడుతోంది.

సాహూజీని పిలిచాను. “ఇది మా తాళం కాదు.”

“బహన్‌జీ, ఇల్లు ఖాళీ అయిపోయింది కదా. అగ్రిమెంటు ఫిబ్రవరితో ఖతం. మీ సామాను తీసుకెళ్తారనే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇంకొకరికి మాట ఇచ్చేశాను.”

“ఎవరు ఖాళీ చేశారు?”

“మీ ఇంట్లో అడగండి.”

“మా ఇంట్లో అడగాలంటే ముందు మా ఇంట్లోకి పోనివ్వండి” అన్నాను.

పంతులుగారు నెమ్మదిగా మెట్లు దిగిపోయారు, ఇంకో చోట పని ఉందని. నేను సాహూజీని దొంగ అన్నాను. వీధి అంతా వినేటట్టు అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. ఏదో చెప్పబోయి, ఫోను జేబులోంచి తీసి, మళ్లీ జేబులో పెట్టేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. జవాబు ఉన్నవాడు చెప్తాడు. లేనివాడే లోపలికి పోతాడు.

పాలు ఉషారాణి ఇస్త్రీవాడికి ఇచ్చేసింది. ఎండకి విరిగిపోతాయని.

మే 12

శివాజీ డ్యూటీ మార్చుకుని నన్ను వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. చంద్రమౌళి, గార్డు పోలయ్యగారి కొడుకు. చిన్నప్పుడు మా క్వార్టర్ ముందు గోళీలాడిన పిల్లాడు, ఇప్పుడు నల్లకోటు.

“తాళం మీ చేత్తోనే ఇచ్చేరా పిన్నీ?” అన్నాడు.

“నా చేత్తోనే.”

“ఎందుకిచ్చేరు?”

“ధనిష్ఠ కదా నాయనా.”

“జడ్జిగారికి ధనిష్ఠ తెలీదు పిన్నీ. తాళం ఎవరి చేతిలో పెట్టేరు, ఎందుకు పెట్టేరు, అంతే ఆయనకి. దాచమని ఇస్తే ఒక లెక్క, ఖాళీ చేసి ఇస్తే ఇంకో లెక్క. మన పంచాంగం చూసి ఇల్లు వదిలేసి తాళం ఓనరుకిచ్చేవాళ్లం మనమే, ఈ ఊళ్లో ఇంకెవరూ చెయ్యరు.”

తరవాత అగ్రిమెంటు చదివాడు. చదువుతూ ఆగాడు. “పిన్నీ, ఇది మీ పేరున ఉన్నాది, తెలుసా?”

“నా పేరునా?”

“అద్దెకున్నది శ్రీమతి కనకమహాలక్ష్మి. సింహాచలం బాబాయి పేరు భర్త అని రాసున్నాది, అంతే. ఇల్లు అద్దెకి తీసుకున్నది మీరు.”

నా కూతురు వేలు పెట్టి చూపించింది అదా. నాకు చెప్పనైనా లేదు. చెప్పే ఉంటుంది, నేనే వినిపించుకోలేదేమో.

గడువు అయిపోయినంత మాత్రాన తాళం మార్చేయకూడదట. సామాను లోపల ఉండగా, మనిషి వెళ్తానని చెప్పకుండా, ఓనరు తనంతట తను తాళం వేయకూడదు, ఖాళీ చేయించాలంటే కాగితం ఇవ్వాలి, కాదంటే అద్దె ఇళ్ల అథారిటీ దగ్గరికి పోవాలి అన్నాడు. ఇందులో నెల నోటీసు అని కూడా రాసి ఉందట. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పుడే సాహూజీకి ఫోన్ చేశాడు చంద్రమౌళి. చాలాసేపు విన్నాడు. పెట్టేశాక ఫోన్లో ఒక ఫొటో వచ్చింది.

“పిన్నీ, ఇది ఎవరి సంతకం?”

హిందీ కాగితం. ఇల్లు ఖాళీ చేస్తున్నాం, సామాను ఆరు నెలలు నిండాక తీసుకుంటాం అని ఉందట. ఫిబ్రవరి ఇరవై ఏడు. కింద తెలుగులో సంతకం. సింహాచలం. ఆఖరి సున్నా కొంచెం పైకి పెడతారు ఆయన, జీతం పుస్తకంలో కూడా అలాగే పెట్టేవారు.

శివాజీ ఫోను లాక్కుని చూశాడు. “బావేటి ఇలగ చేసేడు” అన్నాడు. ఇంటికి వచ్చే దారిలో మళ్లీ అదే అన్నాడు.

మే 13

రాయడానికి ఏమీ లేదు.

మే 14

ఆయన క్వార్టర్ వెనక పంపు దగ్గర కూర్చుని ఉన్నారు. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

“మార్చి ఒకటిన ఎక్కడికి వెళ్లారు?”

తెలిసిపోయిందని ఆయనకి అర్థమైంది. “స్టేషన్‌కి” అన్నారు.

“ఏప్రిల్ ఒకటిన?”

“స్టేషన్‌కే. ప్లాట్‌ఫారం మీద కాసేపు కూకొని వచ్చేసేవాణ్ణి. సాహూని ఏటీ అనకు. నీకు చెప్పొద్దని నానే బతిమాలేను.”

“నేను వీధిలో ఆయన్ని దొంగన్నాను.”

“తెలుసు.”

“ఎందుకు చేశారు?”

“ఆ గది కిటికీలో సీసా ఉన్నాది కదే. పసరు సీసా. నువ్వు తలుపు తీసి ముందు అదే చూస్తావు. చూసేక నువ్వు బతకవు అనుకున్నాను. లేపోతే...”

“లేకపోతే?”

“నన్నెందుకు ఆపలేదని నా మొహం మీద అడుగుతావు. ఆ మాట నీ నోట్లోంచి వస్తే నాను బతకను.”

ఇది ఇప్పటిదాకా రాయలేదు. మొదట్నుంచి రాయమన్నాడు శివాజీ, మొదట్నుంచి రాశాననే అనుకున్నాను. శ్వేతకి పచ్చకామెర్లు. డాక్టరు ఆస్పత్రిలో చేర్చమన్నాడు. నేను వద్దన్నాను. కర్గీ రోడ్ స్టేషన్ అవతల ఒక మనిషి ఆకుపసరు పోస్తాడు, శివాజీకి చిన్నప్పుడు దానితోనే తగ్గింది, మూడు ఆదివారాలు చాలు అన్నాను. మూడు ఆదివారాలు తీసుకెళ్లాను. అమ్మా, ఆస్పత్రికే పోదామే అని రెండో ఆదివారం రైల్లో అంది. మూడోది అయిపోనీ అన్నాను. మూడో ఆదివారం తరవాత వచ్చిన ఆదివారమే నవంబరు పది.

నేను సున్నం బకెట్టు గురించి రాశాను. టేపు గురించి రాశాను.

ఆయన అన్నారు, “నానే కదా టికెట్లు తీసి, సీటు పట్టి కూకోబెట్టేను. మూడుసార్లూ.”

ఉషారాణి బట్టలు ఉతకడానికి వచ్చి, మమ్మల్ని చూసి బకెట్టుతో వెనక్కి వెళ్లిపోయింది.

మే 16

చంద్రమౌళి అన్నాడు, దావా వేస్తే నెగ్గుతాం పిన్నీ, కాని నా భర్త నాకు తెలియకుండా, నా అనుమతి లేకుండా రాసిచ్చాడు అని మీరు రాసివ్వాలి. బాబాయిని బోనులో నిలబెట్టి అడుగుతారు, ఎందుకు రాసిచ్చావని.

ఎందుకు అని అక్కడ అందరి ముందూ అడుగుతారు. ఆయన చెప్పాలి.

“అది రాయను” అన్నాను.

“అయితే ఇల్లు?”

“ఇల్లు కావాలి.”

“పిన్నీ, రెండూ అవ్వవు.”

“నెల నోటీసు నాకు రావాలి అన్నావు కదా. అది నా పేరున ఇమ్మను. నేను ఇంకేమీ అడగను.”

మే 18

ఆయనకి చెప్పకుండా వెళ్లాను. సాహూజీ వరండాలో కూర్చుని ఉన్నాడు. ముందు ఆ రోజు అన్న మాటకి తప్పయిపోయిందన్నాను. ఆయన తల పంకించాడు గాని కుర్చీ చూపించలేదు. ఆ రోజు నీళ్లు ఇస్తానన్నవాడు ఇవాళ కుర్చీ ఇవ్వలేదు. అదే నిజమైన మనిషి పద్ధతి అనిపించింది.

“మీరు నా పేరున నోటీసు ఇవ్వండి. నెల రోజులు లోపల ఉంటాను. నెల నిండిన రోజు నా సంతకంతో ఖాళీ చేస్తాను.”

“తాళం తీస్తే మీరు దిగరు బహన్‌జీ. అందరూ ఇలాగే చెప్తారు. ముందు ఒక నెల అంటారు, తరవాత కబ్జా అంటారు. ముందు ఖాళీ చేసినట్టు కాగితం మీద సంతకం పెట్టండి, అప్పుడు తాళం.”

“సంతకం పెట్టాక మీరు తాళం తీయకపోతే?”

“నేను అలాంటివాణ్ణా?”

“నేను అలాంటిదాన్నా?”

ఆయనకి నా మీద నమ్మకం లేదు, నాకు ఆయన మీద లేదు, ఇద్దరిదీ తప్పు కాదు. లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది.

“ఆ ముళ్లు నీ చేత్తో తీస్తావా దీదీ?”

“తీస్తాను.”

“ఇప్పుడే?”

ఎక్కి తీశాను. ఆరు నెలల ఎండకి గట్టిపడిపోయాయి. వేళ్లకి రెండు మూడు చోట్ల గుచ్చుకున్నాయి. ఆవిడ కింద నిలబడి ఆఖరి కొమ్మ వరకూ చూసింది. “వీధి చివర పారెయ్, మా గుమ్మం ముందు నుంచి తీసుకెళ్లకు” అంది. పక్క సందులోంచి తీసుకెళ్లి పారేసి వచ్చాను. అప్పుడు తాళంచెవి కొంగు ముడి విప్పి ఇచ్చింది. సాహూజీ ఏదో అనబోయాడు. “కోడలు మెట్లెక్కొచ్చు ఇంక, అది చాలు నాకు” అంది ఆయనతో.

మే 19

నోటీసు వచ్చింది. చంద్రమౌళితో చదివించాను. జూన్ పద్దెనిమిది వరకు అని ఉంది. అనుమానం తీరక రెండోసారి చదివించాను. రెండోసారీ అదే ఉంది.

మే 20

పంతులుగారు వచ్చి వెళ్లాక తలుపు వేసుకుని శ్వేత గదిలో కూర్చున్నాను. సీసా ఉంది. పసరు అడుగున ఎండి పెంకు కట్టింది. వేడినీళ్లు పోసి నానబెట్టి కడిగాను. పోలేదు. రేపు మళ్లీ కడుగుతాను.

బతికే ఉన్నాను.

మే 23

సాహూజీ రోజుకి మూడుసార్లు మెట్ల దాకా వచ్చి చూసి పోతున్నాడు, నేను ఇంకొంత సామాను తెచ్చానేమోనని. ఈ రోజు శివాజీ బియ్యం తెస్తే సంచి విప్పి చూపించమన్నాడు. “ఏటండీ, బియ్యంలో బీరువా తెచ్చేననుకున్నారా” అన్నాడు శివాజీ తెలుగులోనే. ఆయనకి అర్థం కాలేదు. అయినా నవ్వాడు.

మే 27

క్వార్టర్ నుంచి ఆయన వచ్చారు. ఇస్త్రీ బండి పక్కన నిలబడ్డారు. నేను చూశాను. పైకి రమ్మనలేదు. దొండకాయలు మెట్టు మీద పెట్టి వెళ్లిపోయారు.

మే 28

బెండకాయలు.

మే 31

“మోకాలు ఎలా ఉంది?” అని పై నుంచి అడిగాను.

“మోకాలికేటీ లేదు” అన్నారు. అబద్ధం ఎప్పుడు చెప్పారో ఎప్పుడు మానేశారో ఇలా తెలిసింది.

ఆరో మెట్టు మీద కూర్చున్నారు. టీ గ్లాసు అక్కడికే తీసుకెళ్లి ఇచ్చాను. కింద నుంచి సాహూజీ కోడలు తొంగి చూసింది. దానికి ఏడో నెలట.

జూన్ 3

లోపలికి వచ్చారు. ముందు గదిలో కూర్చున్నారు. ఆ గది వైపు వీపు పెట్టి కూర్చున్నారు.

నేను అడిగేశాను. దాచుకుంటే మళ్లీ అనుమానాలు పుడతాయి. “నేను వద్దన్నప్పుడు మీరు నోరు తెరిచి ఆస్పత్రికి అని ఎందుకు అనలేదు?”

“నీ మాట మీద నమ్మకం” అన్నారు. మళ్లీ ఆయనే, “కాదు. నాకూ ఆస్పత్రంటే భయం. నువ్వు వద్దన్నావని సంతోషించేను” అన్నారు.

ఇన్ని నెలలుగా నా తప్పు ఒక్కదాన్నే మోస్తున్నానని అనుకున్నాను. ఆయన ఆయనది మోస్తున్నారు. తగ్గలేదు, కాని పక్కన ఇంకొకరు ఉన్నారు.

జూన్ 5

కిటికీ కొలిచినవాడు ఎవరో తెలిసింది. కొత్తగా వచ్చేవాళ్లు దోమల జాలీ కోసం పంపారట. వాళ్లకి ఇద్దరు ఆడపిల్లలట. సాహూజీ భార్య చెప్పింది. ఆ గది వాళ్లకే ఇస్తారట.

కోపం వస్తుందేమోనని చాలాసేపు చూసుకున్నాను. వచ్చింది. కాసేపే ఉంది.

జూన్ 7

ఈ రోజు ఆయన ఆ గదిలోకి వెళ్లారు. నేను వెంట వెళ్లలేదు. బీరువా తలుపు చప్పుడైంది. చాలాసేపటికి పిలిచారు. వెళ్తే, శ్వేత చున్నీలన్నీ మంచం మీద పరిచి కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కటీ మడత పెడుతూ. షెడ్‌లో గుడ్డ మడిచినట్టు నాలుగు మడతలు పెడుతున్నారు. అలా కాదని చూపించాను. నేర్చుకున్నారు. పసుపుపచ్చది ఏ పండగకి కొన్నాం అని అడిగారు. పండగ కాదు, మొదటి జీతానికి అదే కొనుక్కుంది అన్నాను. దానిమీద చాలా చెప్పాను. ఆఫీసులో ఎవరెవరు ఏమన్నారో, ఆ రోజు ఏం వండానో, అన్నీ. ఆయనకి ఇవేవీ తెలియవు. ఎప్పుడూ డ్యూటీ, తరవాత పేపరు.

సగం చున్నీలు కూడా అవలేదు. పుస్తకాలు ముట్టుకోనే లేదు.

“నోటీసు ఇంకా ఎన్ని రోజులున్నాది?” అన్నారు.

“పదకొండు” అన్నాను.

“చాలవు” అన్నారు ఆయన.